ఆ ఏరియానా?

శనివారం, రాత్రి 10:40

ఎడమ మడమ మీద బొబ్బ లేచింది. ఇళ్లు చూడ్డానికి వెళ్తూ కొత్త చెప్పులు వేసుకున్న నా తెలివికి నన్నే అనుకోవాలి. తమ్ముడైతే వచ్చీ రాగానే షూస్ కూడా విప్పకుండా మంచం మీద అడ్డంగా పడ్డాడు. పొద్దున 9కి బయల్దేరి సాయంత్రం 7 దాకా తిరిగితే చూడగలిగింది మూడే మూడు ఇళ్లు.

ఇప్పుడుంటున్న ఇంటికి వంక పెట్టడానికి ఏమీ లేదు, సిటీ సెంటర్‌కి 19 కిలోమీటర్లు ఉందన్న ఒక్క మాట తప్ప. ఆ ఒక్క మాటకీ నాకు రోజుకి రెండు గంటల ఇరవై నిమిషాలు పోతున్నాయి. అగ్రిమెంట్ వచ్చే నెలాఖరుకి అయిపోతుంది. అద్దె పెంచుతామని ఓనర్ గారు అప్పుడే చెప్పేశారు. పెంచిన అద్దె కట్టి ఇంత దూరంలో ఉండే బదులు, అదే డబ్బుకి దగ్గర్లో చిన్నదేదైనా దొరకదా అని మొదలుపెట్టాం.

దొరకదని తమ్ముడు మొదటి రోజే తేల్చేశాడు. వాడు ఎకనామిక్స్ చదివాడు. ఏ కష్టమొచ్చినా దానికో పేరూ, ఒక సంవత్సరమూ ఉండి తీరాలి వాడికి. 1826లో ఫాన్ థ్యూనెన్ అనే జర్మన్ భూస్వామి, సంతకి దగ్గరున్న పొలానికి కౌలు ఎందుకు ఎక్కువో లెక్క కట్టాడట. 1964లో విలియం అలోన్సో అనే ఆయన అదే లెక్కని తెచ్చి ఊళ్లో ఇళ్లకి పెట్టాడట. నడిబొడ్డు నుంచి దూరం జరిగేకొద్దీ ప్రయాణం ఖర్చు పెరుగుతుంది, ఆ మేరకి జనం ఇవ్వగలిగే అద్దె తగ్గుతుంది. దూరానికి తగ్గ చవక, దగ్గరకి తగ్గ ధర.

"కాబట్టి అక్కా, దగ్గరా చవకా రెండూ ఒకేచోట కనబడ్డాయంటే ఏదో తిరకాసు ఉన్నట్టే. ముందు అదేంటో పట్టుకుందాం. దాంతో బతకగలమో లేదో తర్వాత చూసుకోవచ్చు."

వాడు చెప్పేవాటిలో సగం ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తాను గానీ ఈ మాట మాత్రం పట్టుకుంది.

మొదటి ఇల్లు 5 కిలోమీటర్లలో ఉంది. "సిటీ సెంటర్‌కి 15 నిమిషాలు" అని ప్రకటనలో పెద్దక్షరాలు. ఇల్లు నిజంగానే బాగుంది. వంటగదిలోకి వెలుతురొస్తోంది, గోడలు పొడిగా ఉన్నాయి. బాత్రూమ్‌లో కుళాయి తిప్పితే బకెట్ నిండడానికి నిమిషంన్నర పట్టింది, గడియారం పెట్టుకుని మరీ చూశాను. చూపించడానికొచ్చిన బ్రోకర్ నా వంక అదోలా చూశాడు. చూడనీ. ఆ కుళాయి కింద రోజూ నిలబడేది నేను.

"పదిహేను నిమిషాలంటే ఎలా వెళ్తే అండీ?" అని అడిగాను.

"కార్లో మేడమ్. ట్రాఫిక్ లేకపోతే పన్నెండే."

ట్రాఫిక్ లేకపోవడమంటే అర్ధరాత్రి రెండింటికి. ఆ వేళప్పుడు నాకు ఆఫీసులో పనేమీ ఉండదు. కారు మొదలే లేదు.

సరే, బస్సులో వెళ్లి చూద్దామని బయటికొచ్చాం. ఇంటి గేటు నుంచి స్టాపుకి 11 నిమిషాల నడక. అక్కడ బోర్డు మీద అరగంటకో బస్సని రాసుంది. మేం వెళ్లేసరికి ఒకటి అప్పుడే మలుపు తిరిగిపోతోంది, దాని వెనక అద్దం కనబడింది. షెల్టర్ లేదు. ఒక స్తంభం, దాని నీడ. ఆ నీడలో ఒకళ్ల వెనక ఒకళ్లం నిలబడ్డాం, ఎండతో పాటు నీడ జరిగితే మేమూ జరిగాం.

అక్కడే వాడు ఇంకో కథ ఎత్తుకున్నాడు. 1881లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన ఒక మ్యాప్ గీశాడట. లండన్ నుంచి బయల్దేరితే ప్రపంచంలో ఏ చోటికి చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసి, దాని ప్రకారం రంగులు వేశాడు. మైళ్ల మాటే లేదు, అంతా రోజుల్లోనే. నిన్న రాత్రి మేం చేసిన పని గుర్తొచ్చి సిగ్గేసింది. మ్యాప్ మీద సిటీ సెంటర్ దగ్గర వేలు పెట్టి, చుట్టూ 6 కిలోమీటర్ల సున్నా గీసి, అందులో పడ్డ పేటలన్నీ దగ్గరివే అనుకున్నాం. బస్సు ఆ సున్నా మీద నడుస్తుందా?

ఆ స్తంభం దగ్గరే కాగితం తీసి లెక్క రాశాం. నడక 11, బస్సు కోసం సగటున 15, బస్సులో 24, దిగాక ఆఫీసుకి 6. మొత్తం 56 నిమిషాలు. టైమ్ చూసుకుని వెళ్తే ఆ 15 తగ్గుతాయి కదా అంటే, బస్సు కూడా టైమ్ చూసుకుని వస్తేనే. అది ముందూ వెనకా అయ్యేకొద్దీ సగటు ఎదురుచూపు 15ని మించుతుందే తప్ప తగ్గదు. పోయిన వారం చూసిన ఇల్లు 14 కిలోమీటర్ల దూరమని కొట్టేశాం. అక్కడ స్టేషన్‌కి 7 నిమిషాలు, 8 నిమిషాలకో రైలు కాబట్టి ఎదురుచూపు 4, రైల్లో 21, దిగాక అదే 6. మొత్తం 38. దగ్గరిల్లు దూరం, దూరపిల్లు దగ్గర! తేడా పూటకి 18 నిమిషాలు, రోజుకి 36. నెలకి 22 పనిరోజులు వేసుకుంటే 13 గంటల పైమాటే.

అసలు మనుషులు రోజు మొత్తం మీద రాకపోకలకి ఓ గంట దాకా ఓర్చుకుంటారనీ, నడిచే కాలం నుంచి కార్ల కాలం దాకా ఆ గంట పెద్దగా మారలేదనీ చెజారే మార్కెట్టి అనే ఇటలీ ఆయన 1994లో రాశాడట. వేగం పెరిగితే ఊరు పెరిగింది తప్ప ఎవరికీ టైమ్ మిగల్లేదు. నేను ఆ గంటని దాటి ఇంకో గంటా ఇరవై నిమిషాలు వెళ్లిపోయాను. ఆ లెక్కన నాకు ఓపిక ఎక్కువో, తెలివి తక్కువో.

రెండోది కాలవ అవతల, 4 కిలోమీటర్లే. గ్రౌండ్ ఫ్లోర్. అద్దె వినగానే తమ్ముడి కనుబొమలు పైకి లేచాయి, ఎందుకంటే ఇళ్లన్నీ పోల్చడానికి వాడు ఫోన్‌లో వేసుకున్న టేబుల్లో ఆకుపచ్చ రంగు పడింది ఈ ఇంటికొక్కదానికే. జీతంలో అద్దె 30 శాతం దాటితే ఎరుపు, లోపైతే ఆకుపచ్చ. ఈ 30 శాతమేమైనా దేవుడు చెప్పిందా అంటే కాదు. అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండేవాళ్ల అద్దెకి 1969లో 25 శాతం హద్దు పెట్టారు, 1981లో దాన్ని 30 చేశారు. ఆ అంకె అక్కణ్ణుంచి లోకమంతా తిరిగి మా టేబుల్లో కూడా కూర్చుంది. అద్దె ఒక్కటీ విడిగా చూస్తే మోసపోతామని నేను గొడవపెట్టి ప్రయాణం ఖర్చుకి పక్కన ఇంకో గడి వేయించాను. షికాగోలో ఒక సంస్థ రెండూ కలిపి 45 శాతం లోపు ఉండాలంటుందని తర్వాత వాడే వెతికి చెప్పాడు, నేను గెలిచినట్టు ఒప్పుకోకుండానే.

కొత్తగా సున్నం వేశారు ఆ ఇంటికి. వాసన ఇంకా పోలేదు. అంతా తెల్లగా, ముద్దుగా ఉంది. కరెంటు రీడింగు చూద్దామని మెట్ల కింద మీటరు పెట్టె దగ్గరికి వెళ్లాను. గోడకి సున్నం వేశారు గానీ పెట్టె ఇనుముది, దానికి రంగు వేయడం మర్చిపోయారు. పెట్టె కింది భాగమంతా తుప్పు. పై భాగం శుభ్రంగా ఉంది. రెంటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఒక గీత, నా మోకాలికి జానెడు పైన. ఆ గీతని వేలితో రాస్తే గోధుమరంగు పొడి రాలింది.

పైనుంచి మెట్లు దిగుతున్న పెద్దావిడ ఆగి, నేనేం చూస్తున్నానో చూసింది.

"అదా అమ్మాయ్? నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. రెండుసార్లు. నేను పైన ఉంటాను కాబట్టి ఇక్కడ పదిహేడేళ్లున్నాను."

బ్రోకర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పక్కకి వెళ్లిపోయాడు. ఫోన్ మోగిన చప్పుడు నాకైతే వినబడలేదు. తిరకాసు దొరికింది. అది బతకగలిగిన తిరకాసు కాదు. పల్లంలో ఉన్న నేలని ఎవరూ ఎత్తలేరు. పై అంతస్తు ఎప్పుడైనా ఖాళీ అయితే చెప్పమని ఆవిడకి నా నంబరిచ్చి వచ్చాను.

మూడోదాని గురించి రాయాలనే ఇంత రాత్రి కూర్చున్నాను.

6 కిలోమీటర్లు. పాత గోడౌన్ల వెనక, రైలు పట్టాలకి ఇవతల నాలుగు వీధులు. ఆ పేట పేరు చెబితే మా ఆఫీసులో అందరూ ఒకే మాట అంటారు: "ఆ ఏరియానా?" ఎందుకండీ అని తిరిగి అడిగితే ఒక్కళ్లూ సరిగ్గా చెప్పరు. వెళ్లి చూశారా అంటే వెళ్లలేదు. నేనూ ఇన్నాళ్లు అదే బ్యాచ్. మ్యాప్ మీద ఆ చోటు వచ్చినప్పుడల్లా వేలు దానంతటదే పక్కకి జరిగేది.

రైలు దిగి వీధిలోకి వస్తే ఎదురుగా పాత ఫ్యాక్టరీ చిమ్నీ. పొగ ఆగిపోయి చాలా కాలమైనట్టుంది, మూతి మీద మొక్క ఒకటి మొలిచింది. దాన్ని చూడగానే తమ్ముడు ఆగిపోయాడు. ఇంగ్లండ్‌లో తూర్పు వైపు పేటలు పేదవి ఎందుకయ్యాయో వెతికిన వాళ్లున్నారట. అక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది, అందుకని 19వ శతాబ్దపు ఫ్యాక్టరీల పొగ తూర్పు పేటల మీదికి పోయేది. డబ్బున్నవాళ్లు పడమరకి జరిగారు, లేనివాళ్లు పొగ కింద మిగిలారు. హెబ్లిక్, ట్రూ, జిల్‌బర్‌బర్గ్ అనే ముగ్గురు పాత మ్యాపుల్లో 70 ఊళ్లలో 5 వేల చిమ్నీల దాకా గుర్తుపట్టి, ఏ చిమ్నీ పొగ ఎటు పోయేదో లెక్క కట్టారట. 1956లో చట్టం వచ్చింది, పొగ పోయింది. ఆ పేటల తీరు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయింది.

"పొగ పోయాక కూడానా?"

"పోయాక కూడా."

వాడు చెప్పిన కథల్లో ఇదొక్కటే నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది.

ఇల్లు మొదటి అంతస్తులో. రెండు గదులు, ముందు సన్నటి వరండా. అల్మరా వెనక ఫోన్ లైటు వేసి చూశాను, చెమ్మ లేదు. బకెట్‌కి రెండు నిమిషాలు పట్టింది, సర్దుకోవచ్చు. కింద మీటరు పెట్టె తుప్పు లేకుండా పైనుంచి కిందదాకా ఒకే రంగులో ఉంది. ఇకమీదట ఏ ఇంటికెళ్లినా ముందు మీటరు పెట్టె దగ్గరికే వెళ్తాను.

మేం అక్కడుండగానే రైలెళ్లింది. కిటికీ గడిలో చెమ్చాతో ఎవరో టకటకా కొట్టినట్టు అద్దం సన్నగా మోగింది, ఆగింది. ఓనర్ గారు పెద్దాయన, నా మొహం చూసి లేచి అద్దం అంచున మడిచిన కాగితం ముక్క దూర్చారు. "ఇక మోగదులెండి" అన్నారు. తర్వాతి రైలుకి నిజంగానే మోగలేదు. అయినా చప్పుడు చప్పుడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్ కోసం ఇచ్చిన సూచనల్లో, రాత్రంతా కలిపి సగటున ఇంటి బయట రైలు చప్పుడు 44 డెసిబెల్స్ దాటకూడదని ఉందట. ఆ వీధిలో ఎంతుంటుందో పగలు వెళ్లి నిలబడితే తెలియదు. చివరి రైలెప్పుడని అడిగాను. రాత్రి పదకొండున్నర, మళ్లీ తెల్లవారి ఐదుకి. గూడ్సు బళ్లు ఉన్నాయా అని తమ్ముడడిగాడు, మంచి ప్రశ్న. ఈ లైన్లో లేవన్నారు. స్టేషన్లో ఇంకోసారి అడిగి చూడాలి.

స్టేషన్‌కి 6 నిమిషాలు, ఎదురుచూపు 4, రైల్లో 11, దిగాక 6. ఇరవై ఏడు.

తిరిగొస్తుంటే రైల్లో తమ్ముడు నసిగాడు. "ఇల్లు బాగుంది అక్కా. కానీ ఎక్కడుంటున్నావ్ అంటే ఆ పేరు చెప్పాలి కదా."

వాడి మీద కోపం రాలేదు. నా కడుపులో ఉన్న మాటే వాడు అన్నాడు. పై జీతం ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే ఫారమ్ మీద చిరునామా రాయాలి. బంధువులొస్తే వీధి చివర దిగి మొహం అదోలా పెడతారు. ఆ మొహాలన్నిటికీ కలిపి నెలనెలా మాకు తగ్గుతున్న అద్దె ఎంతో లెక్కేశాను. దాదాపు అంతే పెద్ద ఇల్లు, ఒక్క స్టేషన్ ముందున్న పేరున్న పేటలో, అద్దె దీనికి ఒకటిన్నర రెట్లు. ఒక్క స్టేషన్. రైల్లో రెండు నిమిషాలు.

ఈ పేరు కూడా ఎల్లకాలం ఇలాగే ఉండదేమో. గోడౌన్ల వైపు ఒకచోట అద్దాల గోడలు కడుతున్నారు, బయట కుండీల్లో మొక్కలు పెట్టారు. కుండీలు వచ్చాయంటే వెనకాలే అద్దెలూ వస్తాయి. ఇలా డబ్బున్నవాళ్లు వచ్చి చేరి పాతవాళ్లు జరగాల్సి రావడాన్ని జెంట్రిఫికేషన్ అంటారు. ఆ మాట పుట్టింది కూడా 1964లోనే, రూత్ గ్లాస్ అనే ఆవిడ లండన్ గురించి రాస్తూ వాడారు. మేం ఆ కుండీల కన్నా ముందు వెళ్తున్నామా, లేక మేమే ఆ కుండీలమా అనేది ఈ రాత్రి తేలేలా లేదు. మా జీతాలకి మమ్మల్ని చూసి అద్దెలు పెరుగుతాయంటే నాకే నవ్వొస్తోంది గానీ, ఆ వీధిలో ఇరవయ్యేళ్లుగా ఉంటున్నవాళ్లకి నవ్వు రాకపోవచ్చు.

రెండేళ్ల అగ్రిమెంట్ అడిగాను. పెంపు ఎంతో ముందే కాగితం మీద రాయమన్నాను. ఓనర్ గారు ఆలోచించి సోమవారం చెప్తామన్నారు. అడ్వాన్స్ కూడా అప్పుడే.

శనివారం మధ్యాహ్నం చూసిన రైలు సోమవారం పొద్దున అలాగే ఉండదు. నిలబడ్డానికి చోటుంటుందో లేదో, ప్లాట్‌ఫామ్ మీద జనం ఎంతమందో, ఆ 27 నిజంగా 27 అవుతుందో ఆ వేళకే వెళ్లి చూడాలి. కాబట్టి సోమవారం ఇక్కణ్ణుంచి ముందు అక్కడికెళ్లి, ఆ ఇంటి గేటు దగ్గర 8:20కి నిలబడి, అక్కణ్ణుంచి ఆఫీసుకి బయల్దేరాలని అనుకున్నాం. పిచ్చి పనే. ఓనర్ గారు వరండాలోంచి చూస్తే ఏమనుకుంటారో.

రేపు రాత్రి పదకొండుకి ఒకసారి వెళ్లి వీధి చూసొస్తానని తమ్ముడంటున్నాడు, నన్ను రావద్దంటున్నాడు. నేను రాకపోతే ఎలా, రాత్రి పూట ఆ స్టేషన్ నుంచి నడిచి రావాల్సింది నేను కదా అన్నాను. ఈసారి పాత చెప్పులు.