జింక పక్కవాళ్ళ నలభైలో పడింది

విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన క్లామ్ లేక్ అనే చోటు ఉంది. ఊరు అనడానికి కాస్త ధైర్యం కావాలి. 77వ నంబరు రోడ్డు పక్కన కొన్ని ఇళ్ళు, తాగడానికీ తినడానికీ ఒకటి రెండు చోట్లు, మిగతాదంతా షెవామెగన్-నికొలే జాతీయ అటవీప్రాంతం. మొత్తం పదిహేను లక్షల ఎకరాల పైమాటే. మేముండే మిన్నియాపొలిస్ నుంచి హేవర్డ్ మీదుగా వెళ్తే మూడు గంటలు దాటుతుంది. హేవర్డ్ దాటగానే నా ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

ఈ అడవికి సిగ్నల్ సంగతిలో ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1989 నుంచి 2004 దాకా అమెరికా నౌకాదళం ఇక్కడినుంచే సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు కబురు పంపేది. కరెంటు స్తంభాల్లాంటి స్తంభాల మీద, అడవిని కోసుకుంటూ, ఒక్కోటి 14 మైళ్ళ పొడవున రెండు యాంటెన్నా తీగలు. 76 హెర్ట్జ్ తరంగం. మూడక్షరాల సంకేతం వెళ్ళడానికి పావుగంట పట్టేదట. పసిఫిక్ అడుక్కి కబురు వెళ్ళిన చోటునుంచి ఇప్పుడు పక్క గుట్ట మీదున్న మనిషికి మెసేజ్ పోవాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చినవాడు డేవ్, మా టీమ్‌లో టెస్టింగ్ చూస్తాడు. థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగే, తుపాకీతో జింకల్ని వేటాడే సీజను విస్కాన్సిన్‌వాళ్ళకు మన సంక్రాంతి. ఐదు లక్షల పైచిలుకు మంది లైసెన్సు తీసుకుంటారు. ఆ వారం వాళ్ళతో మీటింగు పెట్టడం దండగ. "నువ్వు కాల్చక్కర్లేదు, వచ్చి చూడు" అన్నాడు డేవ్. నేనెలాగూ కాల్చను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ పట్టుకోకూడదు, వేట లైసెన్సు ఉంటే మాత్రం చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు నాకు అక్కర్లేదని మార్కాపురంలో ఉన్న మా అమ్మకు ఫోన్లో ప్రమాణం చేసి మరీ బయల్దేరాను.

డేవ్ వాళ్ళ క్యాబిన్ ఉన్నది సొంత స్థలంలో. ఇక్కడ అడవి భూమిని నలభై ఎకరాల చదరాలుగా కోసి అమ్మారు కనుక అందరూ దాన్ని "నలభై" అనే అంటారు. మా నలభై, వాళ్ళ నలభై, అవతల ప్రభుత్వ అడవి. శుక్రవారం రాత్రి క్యాబిన్‌లో డేవ్‌తో పాటు ఎనభై దాటిన వాళ్ళ నాన్న రే, బావమరిది స్టీవ్, స్టీవ్ కూతురు పదహారేళ్ళ ఎమ్మా ఉన్నారు. బల్ల మీద ఒక పక్క అంచులు నలిగిన పాత భూముల పటం పుస్తకం, ఇంకో పక్క ఆన్‌ఎక్స్ యాప్ తెరిచిన స్టీవ్ ఫోను. రెంటిలోనూ ఉన్నవి అవే గీతలు, అవే యజమానుల పేర్లు. తేడా ఏమిటంటే పుస్తకం నువ్వెక్కడున్నావో చెప్పదు. ఫోన్లో ఒక నీలి చుక్క నీతోపాటు నడుస్తుంది, మ్యాపు ముందే దించి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా. పరాయి భూమిలోకి అనుమతి లేకుండా అడుగు పెడితే ఇక్కడ జరిమానా. చీకట్లో, మంచులో, ఒకేలా ఉండే చెట్ల మధ్య గీత ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? అడవిలో ఫోను చేసే పనుల్లో ఇంతకన్నా మేలైనది నాకు కనపడలేదు.

అంతలో స్టీవ్ ఫోను కీచుమంది. చిత్తడి అంచున చెట్టుకు కట్టిన కెమెరా ఫొటో పంపింది. ముందునుంచి ఏదైనా కదిలితే తీసి, సెల్ నెట్‌వర్కు మీద నేరుగా ఫోనుకు పంపేస్తుంది. ఎనిమిది కొనల కొమ్ములున్న మగ జింక, కళ్ళు తెల్లగా వెలుగుతూ, ఇప్పుడే, ఈ నిమిషంలో, మాకు అరమైలు దూరంలో. అందరం తలలు దూర్చాం. రే మాత్రం చూళ్ళేదు.

"అయితే నువ్వు రేపు వేటకు పోవట్లేదు. ఆర్డరిచ్చిన సామాను తెచ్చుకోడానికి పోతున్నావు" అన్నాడు, సూపు గిన్నెలోంచి తలెత్తకుండానే.

ముసలాయన చాదస్తం అని కొట్టిపారేయడానికి లేదు. 1887లో థియొడర్ రూజ్‌వెల్ట్ పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు మొదట్నుంచీ చెప్పే మాట ఇదే: జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఉండాలి. అరిజోనా అయితే 2022 జనవరి నుంచి వేటకోసం ఇలాంటి కెమెరాలు పెట్టడమే నిషేధించింది. నా మటుకు నేను రే పక్షమే. మ్యాపు మనిషికి తన హద్దు చూపిస్తుంది, కెమెరా జింక గుట్టు విప్పుతుంది. రెండూ ఒకే ఫోన్లో ఉన్నంతమాత్రాన రెండూ ఒకటి కావు.

తెల్లవారుజామున లేచి, నడుము పైభాగం కనీసం సగమైనా కళ్ళు చెదిరే నారింజ రంగుతో కప్పుకుని బయల్దేరాం. ఎమ్మాది గులాబి రంగు, 2016 నుంచి అదీ చెల్లుతుంది. డేవ్, నేను ఇద్దరు పట్టే మంచె ఎక్కాం. మన చేను మంచెలాగే, కాకపోతే ఇనుపది, చెట్టుకు కట్టేసి ఉంటుంది, మనల్నీ బెల్టుతో చెట్టుకు కట్టేస్తారు. సూర్యోదయానికి అరగంట ముందునుంచి కాల్చవచ్చు, ఆ నిమిషం కూడా ఫోనే చెబుతుంది. ఆ నిమిషం దాటిందో లేదో దూరంగా ఎక్కడో తుపాకులు మోగడం మొదలైంది.

వెంటనే డేవ్ ఛాతీ దగ్గర జేబు వణికింది. చలికి బ్యాటరీ చచ్చిపోకుండా అందరూ ఫోన్లు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటారు. "ఎవరది?" అని స్టీవ్. "నేను కాదు" అని ఎమ్మా. "ఉత్తరం వైపు" అని మళ్ళీ స్టీవ్. గుట్ట వాలులో మాకు ఒక సిగ్నల్ గీత వస్తూ పోతూ ఉంటుంది కనుక మెసేజ్‌లు గుంపుగా వస్తాయి, కాసేపు ఏమీ రావు. అడవిలో ఒంటరిగా కూర్చోడమంటే ఇదా అని అడిగాను. డేవ్ గుసగుసగా ఇచ్చిన జవాబు నేను ఊహించింది కాదు. చిన్నప్పుడు చలికీ విసుగుకీ పది గంటలకల్లా దిగి క్యాబిన్‌కు పోయి పేకాట ఆడేవాళ్ళట. ఇప్పుడు ఏదో ఒకటి చూసుకుంటూ మధ్యాహ్నం దాకా మంచె మీదే ఉంటున్నారట. "ఎమ్మాకు ఫోను లేకపోతే మొదటి ఏడాదే మానేసేది. ఆ పిల్ల రీల్స్ చూస్తూ తలెత్తినప్పుడే తన మొదటి జింక కనిపించింది" అన్నాడు.

ఇంకోటి కూడా ఉంది. ఇక్కడ వేటలో దెబ్బలు తగిలేది తూటాలవల్లే కాదు, మంచెల మీంచి పడి కూడా. పడి నడుం విరిగినవాడికి జేబులో ఫోనుంటే దాని విలువేమిటో వేరే చెప్పాలా?

మా మంచె దగ్గరికి ఉడతలు తప్ప ఏమీ రాలేదు. ఒకసారి ఎల్క్‌లు అనే పెద్ద జాతి జింకలు కనిపిస్తాయేమోనని ఆశపడ్డాను. 1995లో మిషిగన్ నుంచి 25 ఎల్క్‌లను తెచ్చి వదిలింది ఈ క్లామ్ లేక్ అడవిలోనే. అవీ దర్శనమివ్వలేదు.

పొద్దు వాలే వేళకు దగ్గర్లో ఒక్క తుపాకీ దెబ్బ. ఫోను మోగలేదు. స్టీవ్ ఉన్న పల్లంలో సిగ్నల్ సున్నా. దిగి వెళ్ళేసరికి మంచు మీద నెత్తుటి చుక్కలు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. కెమెరాలో పడ్డ జింక కాదు ఇది, వేరేది. దెబ్బ తగిలి పరుగెత్తింది. నలుగురం చుక్కలు వెతుక్కుంటూ నడిచాం. ఉన్నట్టుండి స్టీవ్ ఆగి ఫోను చూశాడు. నీలి చుక్క గీత మీద ఉంది. నెత్తురు గీత దాటి వెళ్ళింది.

అవతలిది పక్కవాళ్ళ నలభై. కంచె లేదు, బోర్డు లేదు, చూసేవాడు లేడు. నలభై అడుగుల దూరంలో మంచు కెలికినట్టుంది. జింక అక్కడే పడి ఉండొచ్చు. అయినా చచ్చిన జింకను తెచ్చుకోడానికైనా యజమానిని అడగాల్సిందే. యాప్‌లో పేరుంది, నంబరు లేదు. ఆయన ఉండేది మాడిసన్ వైపు, ఈ ఏడు వేటకు రాలేదు. ఎమ్మాకు గుర్తొచ్చింది, ఆయన కూతురు తనకు ఇన్‌స్టాగ్రామ్‌లో తెలుసు. అడవిలో ఇద్దరూ ఎప్పుడూ కలవలేదు.

సిగ్నల్ కోసం ఎమ్మా, నేను గుట్టెక్కాం. ఎమ్మా మెసేజ్ పంపిన క్షణంలోనే నా ఫోనుకూ ప్రాణం వచ్చింది. ఇండియాలో అప్పటికి తెల్లవారుజాము నాలుగు. అమ్మ పడుకోబోయే ముందు వరసపెట్టి పంపినవన్నీ ఒక్కసారిగా పడ్డాయి. "ఒరే నాన్నా ఎక్కడున్నావు." "మంకీ క్యాప్ పెట్టుకున్నావా." "చూసినా పాపమే అంటోంది మీ పెద్దమ్మ, నేను కాదన్నాను." తర్వాత ఆంజనేయస్వామి ఫొటో. ఏమిటని ఎమ్మా అడిగితే, మా గ్రూప్ చాట్ అన్నాను.

జవాబు రావడానికి అరగంట పైనే పట్టింది. ఆలోగా సూర్యుడు దిగిపోయాడు, చలి ఎముకల్లోకి దిగింది. కింద స్టీవ్, డేవ్ గీతకు ఇవతల, జింకకు అంత దగ్గర, కదలకుండా నిలబడి ఉన్నారు. నన్ను అడిగితే ఆ రోజు మొత్తంలో చూడదగ్గ దృశ్యం అదే. చివరికి అమ్మాయి ద్వారా తండ్రి జవాబు వచ్చింది: పైకెత్తిన బొటనవేలు బొమ్మ, "రేని అడిగానని చెప్పు" అని ఒక వాక్యం, ఫొటో పంపమని ఇంకో వాక్యం.

జింక అక్కడే ఉంది. కడుపు కోసి పేగులు తీసే పని గురించి రాయను, నేను చాలావరకు అవతలికి తిరిగి నిలబడ్డాను. ఫొటో గురించి మాత్రం రాయాలి. జింకను ఈడ్చుకొచ్చేసరికి రే టార్చిలైటు పట్టుకుని క్యాబిన్ మెట్ల దగ్గర ఉన్నాడు. స్టీవ్ ఫోను తీయబోతే ఆగమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, గుప్పెడు మంచుతో దాని మూతి మీది నెత్తురు తుడిచాడు. బయటికి వేలాడుతున్న నాలుకను లోపలికి నెట్టాడు. కాళ్ళు పొట్ట కిందకు ముడిచాడు. "ఇప్పుడు తీసుకో" అన్నాడు.

స్టీవ్ అదే ఫోన్లో విస్కాన్సిన్ సహజ వనరుల శాఖవారి ఆన్‌లైన్ నమోదు పద్ధతి గేమ్‌రెజ్‌లో జింకను నమోదు చేశాడు. దొరికిన మర్నాడు సాయంత్రం ఐదులోగా చేయాలి, చేయగానే ఒక నంబరు ఇస్తుంది. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. అది చూసి రే నిట్టూర్చాడు. 2015కు ముందు ఇలా కాదు. ప్రతి జింకనూ ట్రక్కులో వేసుకుని ఊళ్ళోని నమోదు కేంద్రానికి తీసుకెళ్ళాలి. అంటే ఏ పెట్రోలు బంకో, బారో. ట్రక్కులు వరసలో నిలబడితే ఊరంతా వచ్చి చూసేది. పిల్లలు కొమ్ముల కొనలు లెక్కపెట్టేవాళ్ళు. ఎవరికి ఎక్కడ దొరికిందో అబద్ధాలు చెప్పుకునేవాళ్ళు. ఆ గుంపును రద్దు చేసింది ఫోనే, దాని బదులు ఇంకో గుంపును జేబులో పెట్టిందీ ఫోనే. అబద్ధాలు మాత్రం పాతవే. ఎమ్మా నాకు చూపించిన వేట గ్రూపుల్లో ప్రతి ఫొటోలోనూ మనిషీ, జింకా నిండుగా ఉంటారు, వెనక చెట్టు ఒక్కటి గుర్తుపట్టేలా ఉండదు. తినే ప్రతి ముద్దా ఫొటో తీసి పెట్టేవాళ్ళు కూడా తమ చోటు మాత్రం బయటపెట్టరు!

ఎమ్మా కూడా తండ్రి ఫొటోను పెడతానంది. స్టీవ్ వద్దన్నాడు. దానికి ఒక కారణముంది, అది మా ఇంటికి దగ్గర్లోనే పుట్టింది. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని చంపింది బ్లూమింగ్టన్‌లోని ఒక పళ్ళ డాక్టరు. ప్రపంచం నలుమూలలనుంచీ తిట్లు వచ్చిపడ్డాయి, మూసేసిన క్లినిక్ తలుపు ముందు జనం బొమ్మ సింహాలు కుప్ప పోశారు. "అది వేరు, ఇది మన ఫ్రీజరులోకి వెళ్ళే మాంసం" అని ఎమ్మా. "చూసేవాడికి ఆ తేడా ఎవడు చెబుతాడు?" అని స్టీవ్. నేను మా వైపు సంగతి చెప్పాను. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత మన దేశంలో వేట దాదాపు పూర్తిగా నేరం. 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లాలో ఒక యూట్యూబరు నెమలి కూర ఎలా వండాలో వీడియో పెట్టి, దానివల్లే కేసులో ఇరుక్కున్నాడు. నెమలి మా జాతీయ పక్షి అని చెబితే ఎమ్మా నోరు తెరిచింది. "తనే వీడియో పెట్టాడా? తనంతట తనే?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. చివరికి కొమ్ములు మాత్రమే కనిపించేలా కత్తిరించిన ఫొటో ఒకటి పెట్టడానికి రాజీ కుదిరింది.

ఆదివారం మధ్యాహ్నం రే పట్టుబట్టాడు, జింకను ట్రక్కులో వేయమని. దగ్గర్లో ఒక బారులో ఏటా పెద్ద కొమ్ముల పోటీ పెడతారు. గోడ మీద అట్టముక్కకు మార్కరుతో రాసిన నియమం: జింకను తేవాలి, ఫొటోలు చెల్లవు. బయట పది పన్నెండు ట్రక్కులు నిలబడి ఉన్నాయి, వెనక తలుపులు కిందికి దించి. ఒకామె టేపుతో కొలిచి, అంకె అరిచి, అట్ట మీద రాసింది. మాది నాలుగో స్థానం. రే అక్కడున్న ప్రతి ట్రక్కు దగ్గరికీ వెళ్ళి చూసి, ప్రతివాడికీ ఈ జింక ఎక్కడ దొరికిందో ఒక్కో కథ చెప్పాడు. ఒక్కటీ నిజం కాదు. లోపలికెళ్ళి బ్రాందీ ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ ఆర్డరిచ్చాడు, నాకు చీజ్ కర్డ్స్ అనే చీజ్ ముక్కలు తెప్పించాడు. ఎమ్మా పెట్టిన కొమ్ముల ఫొటోకు అప్పటికి రెండు వందల పైన లైకులు వచ్చాయట. తాతకు చూపిస్తే, కళ్ళజోడు పైకి నెట్టి చూసి, వీళ్ళలో ఎంతమంది ఇప్పుడు ఈ బారులో ఉన్నారని అడిగాడు. ఎమ్మా నిజంగానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.