బీపీ డైరీని ఫోన్‌లోకి మార్చబోయి: నా అనుభవం

ఇంట్లో కొలుచుకున్న బీపీ, షుగర్ అంకెలను నమోదు చేసుకునే ఒక ఆప్‌కు తెరలు రూపొందించే పని నాకు అప్పగించినప్పుడు, వాడేది అరవై దాటినవారు కాబట్టి అక్షరాలు పెద్దవి చేస్తే చాలుననుకున్నాను. పెద్దవి చేయగానే ముందు దెబ్బతిన్నది మన లిపే. ఇంగ్లిషు అక్షరాలకు సరిపడేలా ఉంచిన వరుసల ఎడంలో ‘రక్తపోటు’లోని తవత్తు సగానికి తెగిపోయింది. ఎడం పెంచాను, ఆ మాటనూ తీసేశాను. ఇళ్ళల్లో అందరూ అనేది బీపీ అనే కదా.

తొలి నమూనాను తెనాలిలో మా అమ్మ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ బటన్‌ను బొటనవేలితో అదిమి, పని జరిగిందన్న నమ్మకం కుదిరేదాకా వేలు తీయలేదు. దాదాపు అర సెకను మించి ఆనిన వేలిని ఫోన్ ‘లాంగ్ ప్రెస్’ కింద లెక్కిస్తుంది. అందువల్ల అంకె సేవ్ కావడానికి బదులు ‘తొలగించాలా?’ అనే పెట్టె ఎదురైంది. “ఏదో పాడుచేశాన్రా” అంటూ ఫోన్ బల్ల మీద పెట్టేసి, మళ్ళీ ముట్టుకోవడానికి ఆ రోజంతా ఒప్పుకోలేదు. తప్పు పూర్తిగా నాదే. లాంగ్ ప్రెస్‌తో జరిగే పనులన్నీ ఆ వారమే తీసేశాను.

పక్కింటి బాబాయిగారి దగ్గర ఇంకో పొరపాటు బయటపడింది. పై అంకె 148 అని ఎర్రగా కనబడగానే ఆయన కంగారుపడి, విశ్రాంతి లేకుండా వెంటవెంటనే రెండుసార్లు కొలుచుకున్నారు; అది 156కు చేరింది. ఎరుపు తీసేసి, ‘ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో ఆనించి, మళ్ళీ చూసుకోండి’ అన్న వాక్యం పెట్టాం. ఆసుపత్రిలో 140/90ని హద్దుగా తీసుకున్నా ఇంట్లో కొలతలకు 135/85ని తీసుకుంటారని మాకు సలహా ఇచ్చే డాక్టరుగారు చెప్పాక, ఆ లెక్కనూ సరిచేశాం. సన్నని బీప్ శబ్దం పెద్దవాళ్ళకు సరిగా వినబడదు గనుక దాన్ని మంద్రస్థాయికి దించి, వైబ్రేషన్ కూడా చేర్చాం.

ఇంత చేసినా బాబాయిగారు ముందు డైరీలో రాసుకుని, ఆ తర్వాతే ఫోన్‌లో ఎక్కించేవారు. డాక్టరు చూసేది డైరీనేనట. దానితో పోటీ పడటం మానేసి, తేదీ, పరగడుపున, తిన్న రెండు గంటలకు, పై అంకె, కింది అంకె అని ఆయన గీసుకున్న గళ్ళ వరుసలోనే నెల లెక్కంతా ఒక కాగితం మీద అచ్చయ్యేలా చేశాం. కిందటిసారి వెళ్ళినప్పుడు చూస్తే, ఆ కాగితాన్ని గమ్ముతో డైరీలో అంటించి ఉంచారు.