హృదయాన్ని ఉంచిన చోటు

నేను ప్రార్థన మానేసిన చాలా ఏళ్ల తరువాత, నాకు ఎంతో ఇష్టమైన ఒక పెద్దాయన "అయితే నీకు దేనిమీదా విశ్వాసం లేదన్నమాట" అని బాధగా అన్నారు. కాదనడానికి నాకు వెంటనే మాట దొరకలేదు.

తరువాత ఆ మాటనే పట్టుకుని ఆలోచించాను. 'విశ్వాసం' అన్న పదం ఊపిరి తీసుకోవడమనే అర్థమున్న 'శ్వస్' ధాతువు నుంచి వచ్చింది. భయం లేకుండా గుండెలనిండా గాలి పీల్చుకోగలగడం అందులోని భావం. 'శ్రద్ధ' ఇంకా లోతైనది. హృదయాన్ని ఒకచోట ఉంచడమే దాని మూలార్థమని భాషాచరిత్ర పరిశోధకుల్లో ఎక్కువమంది చెబుతారు. లాటిన్‌లో క్రైస్తవ విశ్వాస ప్రకటనకు తొలిమాటైన 'క్రెడో' కూడా ఆ మూలం నుంచే పుట్టింది. ఫలానా సిద్ధాంతం నిజమని ఒప్పుకోవాలన్న షరతు ఆ అర్థంలో నాకు కనిపించలేదు. పైగా తెలుగులో శ్రద్ధ అంటే నేడు చేసే పనిమీద పెట్టే మనసు కూడా.

మదర్ థెరిసా మరణించిన పదేళ్లకు, 2007లో, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వెలువడినప్పుడు, దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆమెకు దేవుని సన్నిధి అనుభవానికి అందలేదన్న సంగతి లోకానికి తెలిసింది. అది కపటమన్నవారున్నారు. ఆ తీర్పు నాకు అన్యాయంగా తోస్తుంది. లోపల అంత చీకటి ఉన్నా ప్రార్థననూ రోగుల సేవనూ విడిచిపెట్టకపోవడాన్ని విశ్వాసం అనకపోతే, ఆ పదం ఇక దేనికి? అయితే మనసు ఎండిపోయిన రోజున కూడా ఆమెను నడిపించడానికి కంఠస్థమైన ప్రార్థనలున్నాయి, వాటికొక వేళ ఉంది, పక్కన గొంతు కలిపే తోటివారున్నారు. మతం వదిలినవాడికి అవేవీ ఉండవు. ఆ లోటు నాకు అనుభవమే, దాచుకోను.

ఆ లోటుతోనే బతికినవారూ ఉన్నారు. 1940లో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, దైవాన్ని నిరాకరిస్తూనే అంటరానితనంతో జీవితాంతం పోరాడారు. మనుషులు ఏదో ఒకనాటికి సమానులుగా బతుకుతారని ఆయనకు ఎవరూ హామీ ఇవ్వలేదు. అయినా తన హృదయాన్ని అక్కడే ఉంచారు. 'దేవుడే సత్యం' అంటూ వచ్చిన గాంధీ 'సత్యమే దేవుడు' అన్న మాటకు చేరుకోవడం వెనుక, సత్యం అవసరాన్ని నాస్తికులు సైతం కాదనరన్న ఆలోచన ఉంది. ఇద్దరు మనుషులు తమ భేదాలను విడవకుండానే కలిసి నిలబడగలిగే చోటును ఆ మాట చూపింది.

ఆ పెద్దాయన చివరి రోజుల్లో, చూపు మందగించి, తన ప్రార్థన పుస్తకాన్ని నా చేతికిచ్చి చదవమన్నారు. అందులో నిజమని నేను ఒప్పుకోగల వాక్యాలు కొన్నే. అయినా ఒక్క అక్షరం తప్పకుండా, ఆయన ఎలా చదువుకునేవారో అంత నెమ్మదిగా, చివరిదాకా చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.