పై అంతస్తులో, ఏసీ లేకుండా, నీటి అడుగున పచ్చిక

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు ఇది. రాత్రి కురిసిన వానకు గది చల్లబడింది. ఈ ఉదయం ఐదున్నరకు అక్వేరియం తొట్టి ముందు కూర్చునేసరికి థర్మామీటరు 27.5 డిగ్రీలు చూపుతోంది. దీపం వెలిగిన గంటకల్లా, నీటి అడుగున పచ్చికలా పరుచుకునే మాంటె కార్లో అనే మొక్క ఆకుల అంచుల మీద ఆవగింజ కన్నా చిన్న ఆక్సిజన్ బుడగలు వరుసగా నిలిచి, ఒక్కొక్కటే విడివడి పైకి లేచాయి. మార్చి నెలాఖరు నుంచి నేను ఎదురుచూసిన దృశ్యం ఇదే. ఈ రెండున్నర నెలల్లో ఏం జరిగిందో, ఎక్కడ తప్పు చేశానో, ఎవరి మాట విని నష్టపోయానో మరిచిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

మాది మల్కాజిగిరిలో నాలుగంతస్తుల భవనంలో పై వాటా. నెత్తిన స్లాబు, పడమటి వైపు గోడ. ఇంట్లో ఏసీ లేదు, పెట్టించే ఉద్దేశమూ లేదు. హాల్లో రెండడుగుల తొట్టి ఉంది. మట్టి, రాళ్ళు పోగా అందులో సుమారు 55 లీటర్ల నీళ్ళు పడతాయి. తొట్టి, స్టాండు, ఫిల్టరు, మొక్కలకు అందించే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు సమకూర్చుకోవడానికి ఖర్చు అయిందే తప్ప కష్టం కలగలేదు.

మొక్కను ఎంచుకోవడంలో మాత్రం కొంత ఆలోచించాను. క్యూబా నుంచి వచ్చిన హెమియాంథస్ అందానికి సాటి లేదు కానీ వేడికి త్వరగా లొంగిపోతుంది. హెయిర్ గ్రాస్ తట్టుకుంటుంది కానీ దాని పోచల మధ్య నాచు చిక్కుకుంటే తీయడం అసాధ్యం. అర్జెంటీనాలో దొరికిన మాంటె కార్లో ఈ రెంటికీ మధ్యస్థంగా అనిపించి దాన్నే తీసుకున్నాను. కార్తీక మాసంలో ఐదు సెంటీమీటర్ల మందాన ఆక్వాసాయిల్ (నీటి మొక్కల కోసం తయారుచేసిన గుళికల మట్టి) పరిచి, టిష్యూ కల్చర్ పద్ధతిలో ప్రయోగశాలలో పెంచి డబ్బాలో అమ్మే మొక్కను మల్లెమొగ్గంత కుచ్చులుగా విడదీసి, పొడవాటి పట్టకారుతో అంగుళం ఎడంగా నాటి, నీళ్ళు నింపకుండా తొట్టి మూతికి ప్లాస్టిక్ పొర కప్పాను. రోజూ పది నిమిషాలు పొర తీసి గాలి తగలనిచ్చి, నీళ్ళు చిలకరించడమే పని. ఏడు వారాలకు వేళ్ళు మట్టిలోకి దిగాక జనవరిలో నీళ్ళు నింపాను. శివరాత్రి నాటికి నేలంతా పచ్చగా అల్లుకుపోయింది. చూడవచ్చిన ప్రతివారూ అది నిజమైన మొక్కేనా అని అడిగారు.

తొట్టిలో ప్రకృతి దృశ్యాలను తీర్చిదిద్దే కళకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన జపాన్ దేశస్థుడు తకాషి అమానో (1954–2015) చిత్రాలను చూసే మనలో చాలామంది ఈ పచ్చికల మీద మనసు పారేసుకుంటాం. ఆయన ఊరు నీగాటా మంచు దండిగా కురిసే ప్రాంతం. అక్కడి తొట్టెల్లో పెరిగిన పచ్చికను ఇక్కడ స్లాబు కింద పెంచాలనుకునేవారికి అక్కడివారు అంతగా పడని కష్టం ఒకటి ఎదురవుతుంది. నాకు అది ఉగాది తరువాత ఎదురైంది.

మొదట మధ్యాహ్నం పూట బుడగలు రావడం ఆగిపోయింది. తరువాత పై ఆకులు పచ్చగానే ఉన్నా, పక్క అద్దంలోంచి చూస్తే కింది పొర పసుపు రంగుకు తిరిగి, ఆ పైన గోధుమ రంగులోకి మారింది. ఏప్రిల్ రెండో వారంలో ఒక ఉదయం లేచి చూసేసరికి ఎడమ మూల అరచేయంత పచ్చిక చాపలా లేచి నీటి మీద తేలుతోంది. చేతిలోకి తీసుకుని తిరగేశాను. వేళ్ళన్నీ టీ డికాషన్ రంగులో మెత్తబడి ఉన్నాయి, గోరు తగిలితే ఊడివస్తున్నాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తోంది. తొట్టిలోని గప్పీ చేపలు మూతులు పైకెత్తి నీటి ఉపరితలం దగ్గర గుటకలు వేస్తున్నాయి. ఐదు నెలలు కంటికి రెప్పలా చూసుకున్న మొక్క అరచేతిలో అలా జారిపోతుంటే నాకు నిజంగానే ఏడుపు వచ్చింది.

మొక్కలు కొన్న దుకాణానికే వెళ్ళి ఫోటోలు చూపించాను. యజమాని ఫోటోను సరిగా చూడకుండానే వెలుతురు చాలడం లేదని, పోషకం తక్కువైందని తేల్చి చెప్పాడు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. రెట్టింపు శక్తి గల ఎల్‌ఈడీ దీపాన్నీ, ఒక ద్రవ ఎరువు సీసానూ అంటగట్టాడు. ఇంటికి తెచ్చి ఆయన చెప్పినట్లే చేస్తే, పది రోజుల్లో మిగిలిన పచ్చిక మీద వెంట్రుకల్లాంటి నాచు కమ్ముకుంది. ఇంకో రెండు చోట్ల మొక్క తేలిపోయింది.

రెండోసారి మా వారితో కలిసి వెళ్ళాను. దుకాణంలో అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు. ఎరువు వేశాక నాచు పెరిగిందని నేను చెబుతుండగానే ఆయన నా వైపు చూడటం మానేసి, మా వారితో, "సార్, మన ఎండలకు ఇవి బతకవు. ఇది ఏసీ ఉన్నోళ్ళ షోకు. మేడమ్‌కు ప్లాస్టిక్ కార్పెట్ ఇప్పించండి, రోజూ పచ్చగనే ఉంటది" అన్నాడు. పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. మొక్క అమ్మేటప్పుడు, దీపం అమ్మేటప్పుడు రాని ఎండలు డబ్బు చేతిలో పడ్డాక వచ్చాయి. మా వారు ఏదో అనబోతే వద్దని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. దారి పొడవునా నాకు మాట రాలేదు. సరుకు అమ్మేవాడికి అది ఏ పరిస్థితిలో బతుకుతుందో చెప్పే బాధ్యత ఉంటుంది. తెలియకపోతే తెలియదనాలి. మనిషిని నలుగురిలో చిన్నబుచ్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. మా అత్తయ్య కిటికీ పక్కన ముక్కాలి మీద కుండ పెట్టి, దాని చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంచుతారు. ఆ నీళ్ళు తాగుతుండగా ఒక ఆలోచన తట్టి, తొట్టిలోని థర్మామీటరు తీసి, కడిగి, గ్లాసులో పెట్టాను. 25 డిగ్రీలు. అదే థర్మామీటరు తొట్టిలో 33.5 చూపించింది. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఎనిమిదిన్నర డిగ్రీల తేడా. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి వివరిస్తాను. దుకాణదారుడి మాటను పట్టుకుని ఊగిసలాడిన ఆ మూడు వారాల్లో ఆ పాఠం నాకే గుర్తుకు రాలేదు.

మరుసటి రోజు నుంచి ఎనిమిది రోజుల పాటు మూడేసి గంటలకు ఒకసారి నీటి వేడిని నోటుబుక్కులో రాశాను. బడికి వెళ్ళిన వేళల్లో అత్తయ్య చూసి రాసేవారు. ఆ లెక్కల్లో నేను ఊహించనిది బయటపడింది. తొట్టి అత్యంత వేడిగా ఉండేది మధ్యాహ్నం కాదు, రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య. పగలంతా ఎండను తాగిన స్లాబు, పడమటి గోడ ఆ వేడిని సాయంత్రం ఇంట్లోకి వదులుతాయి. నీళ్ళు అత్యంత చల్లగా ఉండేది తెల్లవారుజామున ఐదింటికి. నా దీపం టైమరేమో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు వరకు పెట్టి ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేళ అని అలా పెట్టాను. అంటే నీళ్ళు మరిగినట్లుండే గంటల్లోనే మొక్క చేత బరువు పని చేయించాను.

నీరు వేడెక్కినప్పుడు మొక్క శ్వాసక్రియ పెరుగుతుంది. పది డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందన్నది స్థూలమైన లెక్క. పగలు కిరణజన్య సంయోగక్రియతో కూడబెట్టుకున్నది శ్వాసకే ఖర్చయిపోతుంది. అదే సమయంలో నీటిలో వాయువులు ఇమడవు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ కరిగే శక్తి కూడా అదే తేడాకు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. ఆదాయం పడిపోయి ఖర్చు పెరిగిన సంసారంలా మొక్క ముందు కింది ఆకులను వదులుకుంటుంది. వెలుతురు అందని ఆ కింది పొర కుళ్ళితే, అసలే తక్కువగా ఉన్న ఆక్సిజన్‌ను ఆ కుళ్ళు తినేస్తుంది, వేళ్ళు చస్తాయి, పచ్చిక చాపలా లేస్తుంది. అలాంటి మొక్క మీద వెలుతురు రెట్టింపు చేసి ఎరువు పోస్తే దాన్ని అందుకునేది నాచే.

కారణం తెలిశాక చేసిన మొదటి పని దీపం వేళ మార్చడం. ఉదయం ఐదు నుంచి పదకొండు వరకు, ఆరు గంటలు మాత్రమే, పాత దీపంతో. కార్బన్ డయాక్సైడ్ నాలుగింటికే మొదలయ్యేలా, పదింటికి ఆగేలా పెట్టాను. నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో రంగుతో చూపే డ్రాప్ చెకర్‌లోని ద్రవం ఆకుపచ్చగా ఉండాలి, పసుపుకు తిరిగితే చేపలకు ప్రమాదం. ఎండాకాలంలో ఆ హద్దు మరీ సన్నగా ఉంటుంది కనుక రాత్రంతా గాలి పంపు నడిపించాను.

రెండోది ఫ్యాన్లు. కంప్యూటరులో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు తెచ్చి, తొట్టి అద్దపు మూత తీసేసి, గాలి నీటి ఉపరితలాన్ని ఏటవాలుగా ఒరుసుకుంటూ పోయేలా అంచుకు బిగించాను. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. 55 లీటర్లను ఒక డిగ్రీ చల్లబరచడానికి తీసేయవలసింది 230 కిలోజౌళ్ళే. గది నుంచి తిరిగి వేడి చేరుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఫలితమంతా దక్కదు కానీ, రోజుకు సుమారు లీటరున్నర ఆవిరైన నా తొట్టి రాత్రి పూట 33.5 నుంచి 29.5కు దిగింది. ఉదయం ఐదింటికి 27 దాకా వచ్చేది. బయట 42 డిగ్రీలు కాసిన రోజుల్లో, ఏసీ లేని పై అంతస్తులో సాధించాను. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

హైదరాబాదు ఎండ పొడి ఎండ కావడం ఇక్కడ మనకు కలిసివచ్చే విషయం. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత బాగా ఆవిరవుతుంది, కోస్తాలో ఉక్కపోతకు ఇంత ఫలితం రాదు. ఇది మరిచి ఒకరోజు కిటికీలన్నీ మూసి హాల్లో కూలర్ వేశాను. గది తేమెక్కింది, ఫ్యాన్ల పని మందగించి నీటి వేడి పైకి పాకింది. ఎదురుబొదురు కిటికీలు తెరిచాక తిరిగి దిగింది. ఐసు గడ్డలు, ఫ్రిజ్ సీసాలు వేయమని కొందరు సలహా ఇస్తారు. గంటలో నాలుగు డిగ్రీలు దించి, మూడు గంటల్లో మళ్ళీ ఎక్కనివ్వడం చేపలను హింసించడమే.

ఆవిరైన నీటి స్థానంలో ఏ నీళ్ళు పోయాలన్నది నేను ఆలస్యంగా గ్రహించిన సంగతి. ఆవిరయ్యేది నీరే, అందులోని లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. మొదటి రెండు వారాలు బోరు నీళ్ళు పోశాను. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 300 దగ్గర్నుంచి 500 దాటింది, అద్దం అంచున తెల్లటి చారలు కట్టాయి. అప్పటినుంచి తగ్గిన మేరకు ఆర్‌వో నీళ్ళు పోస్తూ, వారానికోసారి మూడో వంతు నీరు మార్చేటప్పుడు మాత్రం క్లోరిన్ తొలగించిన నల్లా నీళ్ళు వాడుతున్నాను. వేసవిలో ట్యాంకరు నీళ్ళు వచ్చిన రోజున నీరు మార్చకపోవడమే మంచిది. అది ఎక్కడి నీరో తెచ్చినవాడికీ తెలియదు.

మూడోది, మనసు రాక చివరిదాకా వాయిదా వేసినది, కత్తిరింపు. వేసవికి ముందే పచ్చికను వేలి మందానికి కత్తిరించి ఉంటే కింది పొరకు వెలుతురూ నీటి ప్రవాహమూ అంది ఉండేవి. మే మొదటి వారంలో వంపు కత్తెరతో నేలకు సెంటీమీటరు ఎత్తున కోసేశాను. ఇంత నున్నగా కోస్తే మిగిలిందీ పోతుందని మా అబ్బాయి భయపడ్డాడు. తేలిన ముక్కలన్నిటినీ వలతో ఏరి తీసేశాను, ఒక్కటి మిగిలినా ఫిల్టరు మూతిలో కుళ్ళుతుంది. ఎరువు మోతాదు సగం చేశాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తె రెండు వారాలూ ఎదుగుదల ఆగిపోయింది కానీ ఒక్క వేరు కూడా మట్టి విడవలేదు. కార్తె చివర్లో కోసిన కొసల పక్కనుంచి లేత చిగుళ్ళు పొడిచాయి.

ఇప్పుడు గాలి తేమెక్కింది కనుక ఫ్యాన్లు ఒక డిగ్రీకి మించి దించడం లేదు. గదే చల్లబడింది కాబట్టి ఆ ఒక్క డిగ్రీ చాలు. ఎడమ మూల అరచేయంత ఖాళీ ఇంకా అలాగే ఉంది. అక్కడి నల్లబడ్డ మట్టిని పైపుతో లాగేసి కొత్తది పోశాను. కత్తిరింపుల్లోంచి ఏరిన వేళ్ళున్న కొసలను మూత ఉన్న డబ్బాలో తడి మట్టి మీద నాటి, బాల్కనీలో ఎండ తగలని చోట ఉంచాను. అవి పాతుకున్నాయి. ఆదివారం ఉదయం సగం నీళ్ళు తీసి వాటిని ఆ మూలలో నాటుతాను.