సిమెంటు ఫోన్ స్టాండు: మూడో పోత దాకా

సిమెంటు స్టాండులో చార్జింగ్ వైరును పోతలోనే పెట్టి బిగించేయకూడదు. వైరు ఏడాదికో రెండేళ్ళకో పోతుంది, స్టాండు పదేళ్ళు ఉంటుంది. కాబట్టి వైరు ఎప్పుడైనా బయటికి రావాలి, కొత్తది లోపలికి పోవాలి. ఈ స్టాండును మూడుసార్లు అచ్చులో పోశాం, మూడు పోతల్లోనూ ఎక్కువ పని పెట్టింది సిమెంటు కాదు, ఆ వైరు దారే.

పోత 1. అచ్చు 5 మి.మీ. సన్‌బోర్డుతో (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) చేసినది. వైరు దారికి థర్మోకోల్ ముక్కను రెండు వైపులా అంటుకునే టేపుతో అంటించాం. మాలు పోసి బల్లను తట్టడం మొదలుపెట్టగానే ముక్క ఊడి పైకి తేలింది. ఇది టేపు లోపం మాత్రమే కాదు. తడి మాలు బరువు నీటికి రెట్టింపు పైమాటే. 35 ఘన సెం.మీ. ముక్కను అది 75 గ్రాముల బరువుకు సమానమైన బలంతో పైకి తోస్తుంది, తడిసిన టేపు అంత బలానికి ఆగదు. స్టాండు అడుగు భాగం కూడా 70 మి.మీ. లోతే పెట్టాం. స్క్రీన్ పైఅంచున వేలితో నొక్కితే ఫోనుతో సహా వెనక్కి ఒరిగేది.

పోత 2. ఈసారి ముక్క కదల్లేదు, అడుగు కూడా పెద్దదే. కానీ వైరు రంధ్రం నిట్టనిలువుగా వచ్చింది. ఫోను బల్లకు 70 డిగ్రీల వాలులో ఆనుతుంది, ప్లగ్గు 90 డిగ్రీల్లో నిలబడుతుంది. ఆ 20 డిగ్రీల తేడా అంతా ఫోను చార్జింగ్ పోర్టు మీదే పడుతుంది. ఫోను పెట్టిన ప్రతిసారీ పోర్టు లోపలి నాలుక మీద ఒత్తిడి పడుతుంది. రోజూ నాలుగైదు సార్లు ఇలా జరిగితే పోర్టు వదులైపోవడం ఖాయం. చూడ్డానికి బాగానే ఉన్నా ఆ స్టాండును పక్కన పెట్టాల్సిందే.

పోత 3 కొలతలు. వెడల్పు 70 మి.మీ. అడుగున లోతు 110. ఫోను ఆనే వెనక పలక 80 మి.మీ. పొడవు, 26 మందం, వాలు 70 డిగ్రీలు. పలక 80 దగ్గరే ఆగితే ఫోను పైభాగంలో ఉండే కెమెరా ఉబ్బు దానికి తగలదు. ఫోను అడుగు కూర్చునే గట్టు పలకకు సరిగ్గా లంబంగా ఉండాలి, అంటే వెనక్కి 20 డిగ్రీలు వాలాలి. గట్టు ఎత్తు బల్ల నుంచి 42 మి.మీ. మామూలు తిన్నటి టైప్-సి ప్లగ్గు ప్లాస్టిక్ భాగం, దాని కింద వంగే రబ్బరు కలిసి 30 మి.మీ. దాటుతాయి, ఆపైన వైరు మలుపు తిరగడానికి చోటు కావాలి. ఎత్తు తగ్గించాలంటే ఎల్ ఆకారపు ప్లగ్గు ఉన్న వైరు కొనాలి. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. కానీ అది పోయినప్పుడు మళ్ళీ అదే రకం వెతకాలి కనుక తిన్నటి ప్లగ్గుకే గీశాం.

గట్టు మీద ఫోను గాడి 14 మి.మీ., ముందు పెదవి 12 మందం, 12 ఎత్తు. రంధ్రం 16 × 10 మి.మీ. దాని మధ్య బిందువు పలక నుంచి 6.5 మి.మీ. దూరంలో ఉండాలి: పలక మీద అంటించే ఫెల్టు గుడ్డ 1, ఫోను కవరు 1.5, 8 మి.మీ. ఫోనులో సగం 4. మీ ఫోను లావుగా ఉంటే ఈ లెక్క మళ్ళీ వేసుకోండి. రంధ్రం కూడా 70 డిగ్రీల వాలులో కిందికి, ముందుకు దిగుతుంది. 42 మి.మీ. దిగేసరికి 15 మి.మీ. ముందుకు జరుగుతుంది. ముందు ముఖం నిలువుగా ఉంటే అక్కడ మరీ పల్చటి గోడే మిగిలి అచ్చు విప్పేటప్పుడే పగులుతుంది. అందుకే ముందు ముఖాన్నీ అదే వాలులో కోయాలి. రంధ్రం అడుగున 18 × 18 మి.మీ. కాలువలో కలుస్తుంది. కాలువ అడుగు వైపు తెరిచే ఉంటుంది, వెనక్కి పోతుంది. వైరు మార్చాలంటే స్టాండు తిరగేస్తే చాలు.

వైరు దారి ముక్కకు ఈసారి పాత హవాయి చెప్పు అట్ట వాడాం. మెత్తగా ఉంటుంది, నీరు పీల్చదు, నూనె రాస్తే లాగగానే వస్తుంది. అచ్చు గోడ బయటి నుంచి రెండు చిన్న స్క్రూలు దానిలోకి దింపితే తేలే భయం లేదు.

మాలు. తెల్ల సిమెంటు 355 గ్రా., ఇసుక 532 గ్రా., నీళ్ళు 135 గ్రా., సూపర్ ప్లాస్టిసైజర్ (తక్కువ నీళ్ళతోనే మాలును జారేలా చేసే మందు) 3 గ్రా. అంటే సిమెంటు 1 కి 1.5 ఇసుక, 0.38 నీళ్ళు. స్టాండుకు పట్టేది సుమారు 910 గ్రాములు, మిగతాది గిన్నెకు అంటుకునేది. కొలమానం వంటింటి డిజిటల్ త్రాసే. కొట్లో అడిగేటప్పుడు గట్టిగా చెప్పాలి, తెల్ల సిమెంటు బదులు వాల్ పుట్టీ చేతిలో పెడతారు. పుట్టీ గోడ మీద పల్చటి పూతకు పనికొస్తుంది, 12 మి.మీ. పెదవిని మోయలేదు. బూడిద రంగు కావాలంటే ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) 53 గ్రేడు వాడొచ్చు. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంటు) అయితే నెమ్మదిగా గట్టిపడుతుంది, అచ్చు విప్పడానికి ఇంకో రోజు ఆగాలి. రంగుకు పాత ఇళ్ళ గచ్చుల్లో వేసే ఎర్ర ఆక్సైడ్ బాగుంటుంది, సిమెంటు బరువులో 5 శాతం దాటనివ్వకండి. దాటితే నీళ్ళు ఎక్కువ అడుగుతుంది, బలం తగ్గుతుంది.

నీళ్ళ దగ్గర చెన్నైలో జాగ్రత్త తప్పదు. చాలా ఫ్లాట్లలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు ఆరేకొద్దీ పైకి వచ్చి తెల్లగా పేలుతుంది. ఎర్ర రంగు స్టాండు మీద ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కలపడానికీ, తర్వాత తడపడానికీ క్యాన్ వాటరే వాడండి. బీచి ఇసుక జోలికి పోవద్దు, అదీ ఉప్పే. ప్లాస్టరింగుకు వాడే పి-శాండ్‌ను రవ్వ జల్లెడ పట్టి, కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. ఇసుకలో తేమ ఉంటే 135 గ్రాముల లెక్క తప్పుతుంది. మే నెల కత్తెర ఎండల్లో అయితే ఉదయం 7 లోపు, చల్లటి నీళ్ళతో పోయడమే మేలు. మధ్యాహ్నం 38 డిగ్రీల్లో కలిపిన మాలు చాలా త్వరగా బిగుసుకుంటుంది. అప్పుడు చేయి ఊరుకోక నీళ్ళు కలుపుతాం, దానితో బలం పోతుంది.

పోయడం. అచ్చును పక్కకు పడుకోబెట్టి పోశాం, కనుక పైకి తెరిచి ఉన్న ముఖం స్టాండుకు ఒక పక్క మాత్రమే. మూలలన్నీ సిలికాన్‌తో మూయాలి. సన్న చీలిక ఉన్నా సిమెంటు పాలు కారిపోయి అక్కడ ఒట్టి ఇసుక గరుకు మిగులుతుంది. పెదవి లోపలి మూలలో సిలికాన్‌ను వేలితో 3 మి.మీ. గుండ్రంగా తీయండి. పదునైన మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. లోపలంతా కొబ్బరినూనె గుడ్డతో పల్చగా రాసి, ఎక్కువైనది తుడిచేయాలి. నూనె గుంటల్లో నిలిస్తే ముఖం మీద మచ్చలు పడతాయి.

పొడి సిమెంటు, ఇసుక ముందు బాగా కలిపి, ప్లాస్టిసైజర్ కలిపిన నీళ్ళలో ముప్పాతిక పోసి రెండు నిమిషాలు కలపాలి. తర్వాత రెండు నిమిషాలు వదిలేస్తే మాలు దానంతటదే వదులవుతుంది. మిగతా నీళ్ళు అప్పుడే పోయాలి. ఒక మూల నుంచే పోస్తూ గాలిని రెండో వైపుకు తరమాలి. నిండాక అచ్చు గోడలను చెక్కతో నాలుగు నిమిషాలు తట్టాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, తడి సిమెంటు క్షారం చర్మాన్ని తినేస్తుంది. గిన్నె కడిగిన నీళ్ళు సింకులో పోయకండి, పాత బకెట్లో గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి.

1వ రోజు: 24 గంటలకు అచ్చు విప్పాం. పెదవి నిలిచింది. పక్క ముఖం మీద గాలి గుంటలు ఐదారు, పెద్దది 3 మి.మీ.

2వ రోజు: ఇసుక లేని సిమెంటు ముద్దతో గుంటలు పూడ్చాం. తర్వాత తడి గుడ్డ చుట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాం. ఫ్యాను గాలికి వదిలేస్తే పైపొర ముందే ఆరి సన్న పగుళ్ళు వస్తాయి.

8వ రోజు: తడి ఎమెరీ పేపర్‌తో 120, 220, 400 నంబర్ల వరసన రుద్దాం. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నీళ్ళతోనే చేయండి.

14వ రోజు: ప్లాస్టిక్ కాగితం ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి లోపల తేమ బిందువులు కనిపించాయి. ఈ స్థితిలో అక్రిలిక్ సీలరు (నీరు, మరకలు పట్టకుండా పైన వేసే పూత) వేస్తే పొర కింద పాలలా తెల్లబడుతుంది, అందుకే ఇంకో నాలుగు రోజులు ఆగాం.

18వ రోజు: తేమ లేదు. సీలరు రెండు పల్చటి పూతలు, మధ్యలో నాలుగు గంటలు. అడుగున నాలుగు మూలల్లో 3 మి.మీ. కార్కు ముక్కలు.

వైర్‌లెస్ చార్జింగ్ కావాలని కొందరు ప్యాడ్‌ను సిమెంటు లోపలే పూడుస్తారు. చార్జింగ్ కాయిలుకూ ఫోనుకూ మధ్య దూరం కొన్ని మి.మీ. దాటితే పని చేయదు, అంత పల్చటి సిమెంటు పొర నిలవదు. బలానికి ఇనుప జాలి పెడితే ఆ జాలే వేడెక్కుతుంది. 56 మి.మీ. అయస్కాంత ప్యాడ్‌కు పలక ముఖం మీద 58 మి.మీ. తెరిచిన గుంట వదలడం ఒక్కటే సరైన దారి.

ప్లగ్గు బిగింపు ఇప్పుడు చూస్తున్నాం. ప్లగ్గు చుట్టూ 2 మి.మీ. చెప్పు అట్ట పట్టీ చుట్టి రంధ్రంలోకి తోస్తే గట్టిగానే పట్టుకుంటోంది, ఫోను ఎత్తినప్పుడు వైరు వెంట రావడం లేదు. ఇనుప కొన గట్టు పైన పూర్తిగా కనిపించాలి. కవరు అడుగు మందంగా ఉన్న ఫోనుకు ప్లాస్టిక్ భాగం కూడా ఇంకో 2 మి.మీ. పైకి రావాలి, లేకపోతే సగమే దిగి చార్జింగ్ ఆగి ఆగి వస్తుంది.