దిమ్మ కుదిరింది, కాలమ్ వాలింది: 0.16 నుంచి 0.05 దాకా

మొన్న ఆదివారం రాత్రి, మా మిల్లింగ్ మెషిన్ వాలును కొలిచే డయల్ గేజ్ ముల్లు 0.05 మి.మీ. దగ్గర ఆగగానే, విజయనగరంలోని మా రేకుల షెడ్డులో సంతోషం పట్టలేక కేక వేశాను. మూడు వారాలుగా 0.14 కంటే కిందికి దిగని ముల్లు అది!

స్పిండిల్ (పనిముట్టును తిప్పే ఇరుసు) పైకి లేవాలని, మెషిన్ బేస్‌కూ, తలను మోసే నిలువు స్తంభమైన కాలమ్‌కూ మధ్య 100 మి.మీ. ఎత్తు దిమ్మ పెట్టాను. కొలత 150కి 120 మి.మీ., గుల్ల లేని బీడు (పోత ఇనుము), దాదాపు 13 కిలోలు. మైల్డ్ స్టీలు తేలిగ్గా దొరుకుతుందన్నారు కానీ, అదురును మింగడంలో బీడుకు అది సాటిరాదు. మా ఊళ్లో పోత, విశాఖ ఆటోనగర్‌లో సర్ఫేస్ గ్రైండింగ్, రెండూ తొలిసారే కుదిరాయి. మోటారు వైరుకు అర మీటరు కలిపాను.

చిక్కంతా బిగించాక వచ్చింది. స్పిండిల్‌కు డయల్ కట్టి టేబుల్ మీద 200 మి.మీ. వలయం తిప్పితే ముందుకూ వెనక్కూ 0.16 తేడా. కాలమ్ ముందుకు వాలిందన్నమాట. దిమ్మ పెట్టకముందు 0.02 మాత్రమే. మొదట దిమ్మనే అనుమానించాను. సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే నున్నటి సమతల పలక) మీద చూస్తే రెండు ముఖాల మధ్య తేడా 0.01 లోపే. అయినా మనసొప్పక విప్పి, 180 డిగ్రీలు తిప్పి బిగించాను: 0.15, అదీ ముందుకే. దిమ్మది తప్పయితే వాలు వెనక్కి మారాలి కదా! బేస్ అంచున రంగు గీకితే 0.14.

ఎత్తు పెరిగింది కాబట్టి తల బరువుకు వంగిందేమోనని ఒక మిత్రుడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తల కాలమ్ నుంచి ఎంత ముందుకు ఉందో అంతే ఉంది. పైకి జరిగినంత మాత్రాన ఆ బరువు వంచే బలం పెరగదు. కొత్తగా చేరింది ఇంకో అతుకు. చూడాల్సింది అక్కడే.

మా వీధిలో టర్నర్‌గా పనిచేసి విరమించిన బాబాయి ఒక్క మాట అన్నాడు: "బిగించినప్పుడు కాదురా, విప్పి మర అంచు చూడు." మర అంటే బోల్టు దిగే రంధ్రం లోపలి చుట్ల గాడి. విప్పాను. బేస్ వెనుక రెండు రంధ్రాల చుట్టూ గోటితో రాస్తే సన్నటి గట్టు తగిలింది. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి అంచు పట్టీ) ఆనిస్తే కింద వెలుతురు. డయల్‌తో కొలిస్తే గట్టు 0.06. మర సరిగ్గా ముఖం నుంచే మొదలవుతోంది, చాంఫర్ (రంధ్రం నోటి దగ్గర ఏటవాలు కోత) లేదు. పైగా అక్కడ గోడ పలుచన. పొడవు బోల్టులు 12.9 రకం (బాగా గట్టివి) కదా అని ఎం12ను, అంటే 12 మి.మీ. బోల్టులను, 110 న్యూటన్ మీటర్ల దాకా బిగించాను. మొదటి మర బీడును పైకి లాగేసింది. దిమ్మలో కోసిన మరలన్నిటికీ చాంఫర్ ఇచ్చిన నాకు బేస్ సంగతి తట్టలేదు.

ఆయిల్ స్టోన్‌తో గట్టు రుద్ది, నాలుగు రంధ్రాలకూ 2 మి.మీ. లోతు చాంఫర్ కోసి, ఈసారి బిగింపు 80 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాను. 0.05. ఇంత సన్నటి తేడాలకు నేను మిటుటోయో కంపెనీ లీవర్ డయల్‌నే నమ్ముతాను. రోజువారీ పనికి బేకర్ కంపెనీ డయల్ చాలు.

మిగిలిన 0.05 నన్ను వదలడం లేదు. 150 మి.మీ. పొడవు దిమ్మకు లెక్క వేస్తే ముందు అంచు కింద 0.04 మి.మీ. షిమ్ (పలుచటి లోహపు రేకు) సరిపోవాలి. కానీ షిమ్ పెడితే మధ్యలో సందు మిగులుతుంది. మన కోస్తా తేమకు ఆ సందులో తుప్పు చేరడం ఖాయం. ఎత్తుగా తగిలే చోట్లను చూపే నీలి రంగు, ప్రష్యన్ బ్లూ పూసి చూస్తే మచ్చలన్నీ వెనుక అంచునే పడుతున్నాయి, ముందు సగం శుభ్రంగా ఉంది. కాబట్టి ఎత్తుగా ఉన్న ఆ వెనుక వైపును గీకడమే దారి. ఒక్కో గీకుడుకు రెండు మూడు మైక్రాన్లు పోతే చాలు. ఎన్ని సాయంత్రాలు పట్టినా సరే.

ఆ తర్వాత ఇంకో పోత ఉంది. స్పిండిల్ పైకి లేచిందే కాని దాని ప్రయాణం పెరగలేదు, అడుగున 100 మి.మీ. అందకుండా పోయింది. పలుచటి పనికి వైస్ కింద 50 మి.మీ. బీడు పలక కావాలి. దాని పోతకు నమూనాగా వాడే మూసకు టేకు ముక్క ఇప్పటికే చిత్రిక పట్టి ఉంచాను.