పంచదార తగ్గిస్తే చర్మంలో ఏం మారుతుంది, ఏం మారదు: నా అనుభవం

పంచదార మానేస్తే ముడతలు పోతాయన్న ఆశతో మొదలుపెట్టేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, పోవు. నేను పాటించిన పద్ధతిలో ఫలితం వెతుక్కోవాల్సింది మొటిమల్లో, మెడ నలుపులో.

చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రొటీన్. రక్తంలోని గ్లూకోజ్ ఏ ఎంజైమూ అక్కర్లేకుండానే దానికి అతుక్కుంటుంది. ఇదే గ్లైకేషన్. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ వివరించిన ఈ చర్యతోనే పెనం మీద అట్టు ఎర్రగా కాలుతుంది. ఒంట్లో మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. కొలాజెన్ పోగుల మధ్య అడ్డబంధాలు పడి సాగే గుణం తగ్గిపోతుంది. చర్మంలో సగం కొలాజెన్ కొత్తది కావడానికే దాదాపు 15 ఏళ్లు పడుతుంది కాబట్టి, పడిపోయిన బంధాలు మూడు నెలల పథ్యానికి ఊడిరావు. చాలాకాలంగా షుగర్ ఉన్న కొందరు నమస్కారం పెడితే వేళ్లూ అరచేతులూ పూర్తిగా ఆనవు, మధ్యలో సందు మిగిలిపోతుంది. ఈ బిగుసుకుపోవడం కంటికి కనబడేది అక్కడే.

నేను మొదట పట్టుకున్నది నెల సరుకుల చీటీని. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం విడిగా కలిపే చక్కెరలు మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిది. రోజుకి 2000 కేలరీల తిండికి 5 శాతమంటే మనిషికి 25 గ్రాములు. నలుగురున్న ఇంటికి నెలకి 3 కిలోలు. అందులోనే స్వీట్లు, కూల్‌డ్రింకులు కూడా లెక్క, కాబట్టి డబ్బాలోకి 2 కిలోలకు మించి రానివ్వను.

చెంచా కొలతే అందరినీ ముంచేది. తలకొట్టిన టీ చెంచాకి 4 గ్రాములు, గోపురంగా తీస్తే 6 దాటుతుంది. అలా రెండేసి చెంచాలతో మూడు టీలు తాగితే 36 గ్రాములు అక్కడే అయిపోయాయి. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైనే ఉంటుంది. ఒక్కసారిగా మానేస్తే వారం తిరక్కుండా మళ్లీ పాత కొలతకే వస్తారు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ రావాలి. టీపొడి ఎక్కువసేపు మరిగితే వగరెక్కి పంచదార అడుగుతుంది. అందుకే త్వరగా దించి, అల్లమో యాలకులో వేస్తాను.

పంచదార బదులు బెల్లం, తేనె వాడితే పర్వాలేదనుకోవడం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. గ్లైకేషన్ లెక్కలో అవీ చక్కెరలే. ప్యాకెట్ల మీద ‘చక్కెర కలపలేదు’ అని ఉన్నా, దినుసుల వరసలో రక్తంలో గ్లూకోజ్‌ని అలాగే పెంచే మాల్టోడెక్స్‌ట్రిన్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్‌వర్ట్ సిరప్ ఉన్నాయేమో చూడాలి. ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి మూడింట్లో వీటిలో ఏదైనా ఉంటే నేను కొనను. ఇక పంచదార తగ్గించి తెల్లన్నం పెంచితే చేసిందంతా వృథా, అదీ గ్లూకోజే అవుతుంది. ఆ స్థానంలో పప్పు, కూర, గుడ్డు పెరగాలి.

మెడ వెనక మఖమల్‌లా మందంగా నల్లబడితే చాలామంది మురికనుకుని సున్నిపిండితో రుద్దుతారు. రుద్దేకొద్దీ ఇంకా ముదురుతుంది. అది తరచూ ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి గుర్తు. రక్తంలో పెరిగిన ఇన్సులినే అక్కడి చర్మకణాలను అతిగా పెంచుతుంది. పంచదారతో పాటు బరువు కూడా తగ్గితే నెలల మీద పలచబడుతుంది. మొటిమల్లో మార్పు కాస్త ముందే తెలుస్తుంది. ఇన్సులిన్, దానికి దగ్గరి ఐజీఎఫ్-1 అనే హార్మోన్ పెరిగితే చర్మంలో జిడ్డు ఎక్కువ ఊరుతుంది. 2007లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగంలో రక్తంలో గ్లూకోజ్‌ని నెమ్మదిగా పెంచే తిండి తిన్న కుర్రాళ్లకి 12 వారాల్లో మొటిమలు తగ్గాయి. అందుకే 12 వారాలు కాకుండా తీర్పు చెప్పకూడదు. ఫొటోలు కూడా ఒకే కిటికీ వెలుతురులో తీసుకోవాలి, లేకపోతే పోల్చడం కుదరదు.

ముఖం ముదరడంలో పంచదార కన్నా ఎండ పాత్రే పెద్దది. సన్‌స్క్రీన్ లేకుండా మిట్టమధ్యాహ్నం తిరిగేవాళ్లు ముందు అది సరిచేసుకోవాలి. షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా తీపీ అన్నమూ తగ్గిస్తే రక్తంలో గ్లూకోజ్ పడిపోవచ్చు.

అద్దం కన్నా నమ్మదగినది హెచ్‌బీఏ1సీ పరీక్ష. హిమోగ్లోబిన్‌కి గ్లూకోజ్ ఎంత అతుక్కుందో చూపే ఈ అంకె గత రెండు మూడు నెలల లెక్క చెబుతుంది. 5.7 శాతానికి చేరితే జాగ్రత్తపడాలి, 6.5కి చేరితే అది షుగరే. రక్తహీనత ఉంటే మాత్రం ఈ అంకె తప్పుగా రావచ్చు. అందుకే అదే రక్తంతో హిమోగ్లోబిన్ కూడా చేయించుకోవడం మంచిది.